120 మిల్లీసెకన్లు

పాత వీడియో గేమ్ జాయ్‌స్టిక్కులు బాగుచేయడం నా సరదా అని తెలిసినప్పుడు ఇక్కడి మనవాళ్లు రెండు ప్రశ్నలు అడుగుతారు. మొదటిది, "మీవారి కోసమా, మీ అబ్బాయి కోసమా?" అని. మా ఆయనకి చదరంగం తప్ప మరో ఆట రాదు. మాకు అబ్బాయి లేడు, ఉన్నది పాప. రెండోది, "అమ్మితే ఏమాత్రం వస్తుంది?" అని. పెట్టిన గంటలు లెక్కేస్తే ఏమీ రాదు. ఈ జవాబులు చెప్పి చెప్పి విసుగొచ్చి ఈమధ్య "కుట్లూ అల్లికలూ లాంటిదే లెండి" అనేస్తున్నాను. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. మంచి వెలుతురు కావాలి, చిన్న చిన్న సామాను దొర్లిపోకుండా దాచుకునే డబ్బాలు కావాలి, చెయ్యి పనిలో ఉంటే బుర్ర కాస్త కుదుటపడుతుంది.

మేముండేది డెట్రాయిట్ పక్కన. నవంబరులో పట్టుకున్న చలి ఏప్రిల్ దాకా వదలదు. ఆ నెలల్లో బేస్‌మెంట్‌లో ఓ మూల నా బల్లే నాకు పెరడూ, అరుగూ. పదకొండేళ్లుగా ఆ బల్ల మీదకి చాలా వచ్చాయి, బాగుపడి వెళ్లాయి. వాటిలో ఒక్కదాని గురించి రాయాలని ఎప్పటినుంచో ఉంది. ఈ సరదా ఉన్నవాళ్లంతా చేసే పనికి సరిగ్గా తిరగేసిన పని దాంట్లో చేశాను. అదేమిటో చెప్పాలంటే ముందు వీటి కడుపులో ఏముంటుందో చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

నేను తెనాలిలో పెరిగాను. తొంభైల్లో మా వీధి చివర కొట్లో, టీవీకి తగిలించుకునే గేమ్ పెట్టెలు రోజు అద్దెకి ఇచ్చేవారు. జపాన్‌లో 1983లో వచ్చిన ఫ్యామికామ్‌కి నకళ్లు అవి. అసలు ఫ్యామికామ్‌లోనే రెండో కంట్రోలర్‌కి స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉండవు. మాకు అద్దెకొచ్చిన నకల్లోనూ అంతే. వేసవి సెలవుల్లో మొదటిది అన్నయ్య చేతిలోనో, పెదనాన్నగారి అబ్బాయిల చేతిలోనో ఉండేది. నాకెప్పుడూ రెండోదే. ఆట ఎప్పుడు మొదలెట్టాలో, మధ్యలో ఎప్పుడు ఆపాలో చెప్పే బటన్ నా చేతిలో లేదన్నమాట. ఒకరోజు ఆ రెండోది పనిచేయడం మానేసింది. ఆడపిల్ల ఆట ఆగిపోతే ఎవరికి తొందర? నేనే కూరగాయల కత్తి మొనతో స్క్రూలు విప్పి, లోపల కనిపించిన నల్ల చుక్కల్ని చేతిరుమాలుతో తుడిచి, మళ్లీ బిగించాను. పనిచేసింది. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఆ పెట్టెలో ఆడిన ఆటల్లో సగం గుర్తులేవు కానీ ఆ నల్ల చుక్కలు మాత్రం కళ్లకి కట్టినట్టున్నాయి.

ఆ చుక్కలు ఏమిటంటే, కరెంటు పారే కార్బన్ కలిపిన రబ్బరు. బటన్ నొక్కితే ఆ చుక్క కింద బోర్డు మీదున్న రెండు గీతల్ని కలుపుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ చేతి జిడ్డూ, దుమ్మూ వాటి మధ్యకి చేరతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో బోర్డుని శుభ్రం చేసి, రబ్బరుని మెత్తగా తుడిస్తే చాలా కంట్రోలర్లు లేచి కూర్చుంటాయి. గట్టిగా రుద్దితే కార్బనే ఊడిపోతుంది, అదొక్కటే జాగ్రత్త. నింటెండో కంట్రోలర్ లోపల 4021 అనే చిన్న చిప్పు ఉంటుంది. ఎనిమిది బటన్లకి ఎనిమిది తీగలు లాగకుండా అన్నిటి సంగతీ ఒక్క తీగమీద వరసగా పంపుతుంది. క్లాసులో హాజరు పిలిచినట్టే. పెట్టె "అందరూ కదలకుండా ఉండండి" అంటుంది, తర్వాత ఒక్కొక్కరినీ పిలుస్తుంది, నొక్కి ఉన్నవాళ్లు పలుకుతారు. ఇదంతా సెకనుకి దాదాపు అరవైసార్లు.

అమెరికా వచ్చాక ఓ గరాజ్ సేల్‌లో రెండు డాలర్లకి అటారీ జాయ్‌స్టిక్ దొరికింది. నల్లటి చదరపు పెట్టె, మధ్యలో కర్ర, మూలన ఒక్క ఎర్ర బటన్. దాని పేరు సీఎక్స్ 40. ఇందులో చిప్పు కూడా లేదు. కింద నాలుగు స్క్రూలు విప్పితే చిన్న బోర్డు, దానిమీద బోర్లించిన గిన్నెల్లాంటి అయిదు పల్చటి రేకు బిళ్లలు, అంతే. కర్ర ఎటు వంచితే అటువైపు బిళ్ల అణుగుతుంది. తొమ్మిది సూదుల ప్లగ్గులో ఒకటి పైకి, రెండు కిందికి, మూడు ఎడమకి, నాలుగు కుడికి, ఆరు బటన్‌కి, ఎనిమిది అన్నిటికీ ఉమ్మడి తీగ. మల్టీమీటరు ఒక కొస ఎనిమిదికీ, రెండోది ఒకటికీ పెట్టి కర్ర పైకి తోస్తే 'కీ'మని కూత వినపడాలి. కూత లేకపోతే బిళ్లో, తీగో. ఎక్కువగా తీగే. పెట్టెలోంచి బయటికి వచ్చేచోట ఏళ్లతరబడి వంగి వంగి, పైన తొడుగు బాగానే ఉన్నా లోపల తెగిపోయి ఉంటుంది. తెగినచోటికి అంగుళం ఇవతల కోసి మళ్లీ అతికిస్తే నలభయ్యేళ్ల నాటి వస్తువు నిన్న కొన్నట్టు పనిచేస్తుంది.

వీధుల్లో నాణెం వేసి ఆడే పెద్ద పెట్టెల జాయ్‌స్టిక్కులు వేరే జాతి. పాతవాటిలో రెండు పల్చటి లోహపు ఆకులు ఒకదానికొకటి తగిలితే అదే స్విచ్చు. చప్పుడు ఉండదు. వాటిని ఆకురాయితో రుద్దకూడదు, పైనున్న పల్చటి పూత పోతుంది. మందపాటి విజిటింగ్ కార్డు ముక్క ఆకుల మధ్య పెట్టి, మెల్లగా నొక్కి పట్టి లాగితే మురికి కార్డుకి అంటుకుని వచ్చేస్తుంది. తర్వాత మైక్రోస్విచ్చులు వచ్చాయి. లోపల చిన్న స్ప్రింగు రేకు ఒక్కసారిగా తిరగబడి 'టక్' మంటుంది. ఈరోజుల్లో ఈ సరదా ఉన్నవాళ్లు ఎక్కువగా వాడేది జపాన్‌లోని సాన్వా వాళ్ల జేఎల్ఎఫ్ అనే కర్ర. కొసన నిమ్మకాయంత బంతి, సరిగ్గా చెప్పాలంటే 35 మిల్లీమీటర్లది. కింద నాలుగు మైక్రోస్విచ్చులు, మొత్తం అయిదు తీగలు. కర్ర ఎంతదూరం వెళ్లాలో కట్టడి చేసే ప్లాస్టిక్ చట్రాన్ని గేటు అంటారు. మామూలుగా చదరంగా ఉంటుంది, దాని మూలలు ఏటవాలు దిక్కులకి సరిపోతాయి. ఆ గేటుని 45 డిగ్రీలు తిప్పి పెడితే గాలిపటంలా నిలబడుతుంది. అప్పుడు ఏటవాలు దిక్కులు మూసుకుపోయి, పైకీ కిందికీ పక్కలకీ మాత్రమే వెళుతుంది. 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్‌కి అలాంటి నాలుగు దిక్కుల కర్రే కావాలి. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2కి ఎనిమిది దిక్కులూ, ఆరు బటన్లూ కావాలి. ఒకదాని కర్రతో రెండోది ఆడితే చేతకానివాళ్లలా కనిపిస్తాం, తప్పు మన చేతిది కాకపోయినా.

కుర్రాళ్లు నా దగ్గరికి తెచ్చేవి కొత్త కంట్రోలర్లు. "ఆంటీ, ఏం ముట్టుకోకపోయినా బొమ్మ దానంతటదే నడుస్తోంది" అంటారు. బొటనవేలి కర్ర కింద కార్బన్ పూత ఉంటుంది, దానిమీద ఒక రేకు రాసుకుంటూ తిరుగుతుంది. రాపిడికి పూత అరిగితే మధ్య ఎక్కడుందో దానికి తెలియదు. దానికి బదులు అయస్కాంతం పెట్టి, తగలకుండానే దూరాన్ని పసిగట్టే హాల్ సెన్సారు కర్రలు దొరుకుతాయి. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సంగతే వాటికి ఆధారం. 1998 నాటి సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే ఆ పద్ధతి ఉంది. తగలనిది అరగదు. కుర్రాళ్లకి ఇంత చెబితే చాలు, డబ్బులు పోగేసుకుని పట్టుకొస్తారు.

ఈ లోకంలో అందరి ఆరాటం ఒక్కటే, ఆలస్యం తగ్గించడం. వేలు నొక్కిన క్షణానికీ తెరమీద దెబ్బ పడే క్షణానికీ మధ్య వ్యవధి. తెర సెకనుకి అరవైసార్లు మారితే ఒక్కో బొమ్మకి పదహారున్నర మిల్లీసెకన్లు చిల్లర. ఆ ఒక్క బొమ్మ కోసం పోటీల్లో ఆడేవాళ్లు బోర్డులు మారుస్తారు, తీగలు మారుస్తారు, పోట్లాడుకుంటారు. నేనూ ఏళ్లపాటు అదే పని చేశాను. ఇక మా మామయ్యగారి సంగతి.

మామయ్యగారు గుంటూరు బ్రాడీపేటలో చాలాకాలం టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. పన్నెండు మిషన్లు, పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా గంటకో బ్యాచి. లోయర్‌కి నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45. ఆ చప్పుడులో కూర్చునే ఆయన జీవితమంతా గడిచింది. ఎవరు తప్పు వేలు వాడుతున్నారో తల తిప్పకుండా చెప్పేవారట. కంప్యూటర్లు వచ్చాక పదకొండు మిషన్లని తూకానికి అమ్మి, ఒక రెమింగ్టన్ ఉంచుకున్నారు. మూడేళ్ల కింద ఆయనకి పార్కిన్సన్స్ అని తేలింది. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు వర్ణించిన జబ్బు. ఆయనకి కుడిచెయ్యి. దీంట్లో చిత్రమేమిటంటే చెయ్యి పనిలో ఉన్నప్పటికంటే ఊరికే ఉన్నప్పుడే ఎక్కువ వణుకుతుంది, సెకనుకి నాలుగు నుంచి ఆరుసార్లు. అందుకని ఆయన చేతిని ఎప్పుడూ ఖాళీగా ఉంచరు. పేపరు పట్టుకుంటారు, లేదా శాలువా కింద దాస్తారు.

గత వేసవిలో అత్తయ్యగారూ ఆయనా మా దగ్గరికి ఆరు నెలలకి వచ్చారు. వారాంతాల్లో ఎవరో ఒకరు భోజనానికి పిలుస్తూనే ఉండేవారు. మామయ్యగారు ప్రతిసారీ "కడుపు బాగోలేదమ్మా, మీరు వెళ్లి రండి" అనేవారు. రెండు నెలలు అలా గడిచాక నాకు అర్థమైంది. ఆయన కడుపుకి ఏమీ లేదు. పదిమంది ముందు చారన్నం కలుపుకుని నోటిదాకా తీసుకెళ్లడం ఆయనకి ఇష్టం లేదు. ఇంట్లో కూడా మేమంతా తిన్నాక, తన గదిలో, చెంచాతో తినేవారు. దాని గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఆయన కొడుకైతే అసలే మాట్లాడడు.

ఆయన బేస్‌మెంట్‌లోకి రావడం చప్పుడు విని. నేను ఓ జేఎల్ఎఫ్ కర్రకి స్విచ్చులు పరీక్షిస్తున్నాను. మెట్ల మీద నుంచే, "అమ్మాయ్, ఆ కుడిపక్కది మిగతా మూడింటిలా పలకడం లేదు" అన్నారు. మీటరు పెట్టి చూస్తే అన్నీ కూస్తున్నాయి. కుడివైపుది విప్పి చూశాను, లోపలి రేకు ఒకపక్క అరిగి ఉంది. ఇంకో నెలకి పోయేదే. ఆ రోజు నుంచి రోజూ భోజనాలయ్యాక కిందికి వచ్చి, కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నేను సోల్డరింగ్ చేస్తుంటే వెలుతురు సర్దేవారు. టైపు మిషన్ అక్షరాల్లో పేరుకున్న సిరా మురికిని కిరసనాయిలు బ్రష్షుతో ఎలా తీసేవారో, స్ప్రింగు బిగువు ఎలా సరిచూసేవారో చెప్పేవారు. పెళ్లయి పద్నాలుగేళ్లయినా ఆయనా నేనూ అంతకుముందు పట్టుమని పదినిమిషాలు మాట్లాడుకున్నది లేదు. 'కాఫీ కావాలా మామయ్యగారూ', 'వద్దమ్మా' తప్ప.

మా పాపకి తొమ్మిదేళ్లు. తాతయ్యని ప్యాక్‌మ్యాన్‌కి లాగింది అదే. ఆ ఆటకి బటన్లు అక్కర్లేదు, కర్ర ఒక్కటే. బొమ్మ దానంతటదే నడుస్తూ ఉంటుంది, మలుపు ఎటో మనం చెబితే చాలు. మలుపు రాకముందే కర్ర అటు వంచి ఉంచినా తీసుకుంటుంది. కానీ ఆయన ఆడుతుంటే బొమ్మ ఉన్నట్టుండి వెనక్కి తిరిగేది, దెయ్యం నోట్లోకే పోయేది. కర్ర వంచేటప్పుడు ఆయన చెయ్యి బాగానే ఉంది. చిక్కంతా మలుపు కోసం వేచి ఉన్నప్పుడే. చెయ్యి ఊరికే బంతి మీద ఆనుకుని ఉన్న ఆ క్షణాల్లో వణుకు కర్రలోకి దిగేది. నాలుగాటలయ్యాక "ఇది పిల్లల ఆటలే" అని లేచారు. చెయ్యి శాలువాలోకి వెళ్లిపోయింది.

మర్నాడు స్ప్రింగు మార్చి కాస్త గట్టిది వేశాను. గేటు తిప్పి నాలుగు దిక్కులకి కట్టేశాను. కొంత నయమైంది కానీ చాల్లేదు. అప్పుడు ఆ అయిదు తీగల్ని నాలుగు డాలర్ల రాస్ప్‌బెర్రీ పై పీకో బోర్డుకి కలిపాను. దాన్ని యూఎస్‌బీ కంట్రోలర్‌గా మార్చుకోవడానికి ఉచితంగా దొరికే ప్రోగ్రాములు ఉన్నాయి. నాకు నొక్కుల లెక్క కూడా కావాలి కనక నేనే చిన్నది రాసుకున్నాను. ప్రతి స్విచ్చూ ఎప్పుడు మూసుకుంది, ఎప్పుడు తెరుచుకుంది, మిల్లీసెకన్లలో రాసిపెట్టేది. మామయ్యగారిని అడిగే పెట్టాను. "మీ చెయ్యి కర్రమీద ఎలా ఉంటుందో కొలుస్తాను మామయ్యగారూ, అభ్యంతరమా?" అంటే, కాసేపు నా మొహంలోకి చూసి, "కొలు" అన్నారు.

ఒక సాయంత్రం లెక్క చూస్తే అంకెలు రెండు గుంపులుగా విడిపోయాయి. ఆయన కావాలని వంచినవన్నీ 180 మిల్లీసెకన్లకి పైన ఉన్నాయి. వణుకుకి తగిలినవి 90 లోపు. సెకనుకి అయిదుసార్లు వణుకు అంటే ఒక్కో ఊపుకి 200, అందులో ఒకవైపు తగిలి ఉండేది సగం లోపే కదా, లెక్క సరిపోయింది. మధ్యలో ఖాళీ. అంటే 120 మిల్లీసెకన్లు ఆగి, అప్పటికీ నొక్కి ఉంటేనే ఒప్పుకో అని బోర్డుకి చెబితే వణుకు బయటే ఆగిపోతుంది, ఆయన మాట లోపలికి వెళుతుంది. దానికి ఖరీదు ఆలస్యం. తెర లెక్కలో ఏడు బొమ్మలు. ఒక్క బొమ్మ కోసం కొట్టుకునే లోకంలో నేను కావాలని ఏడు బొమ్మల ఆలస్యం తెచ్చిపెడుతున్నాను.

ఆ కాగితం మామయ్యగారికి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు పైనుంచి కిందికి చూశారు. "అంటే నా తప్పుల్ని మిషను దాచేస్తుందన్నమాట" అన్నారు. "మా దగ్గర తప్పుకి మార్కులు కోసేవాళ్లం కానీ, దాచేవాళ్లం కాదమ్మా." ఆ మాటలో కోపం లేదు, కానీ ఆయన కర్రవైపు చెయ్యి చాపలేదు.

నేను బోర్డులోని ఆ ఆగే ఏర్పాటుని పూర్తిగా తీసేసి, నా వేలితో స్విచ్చుని ఒక్కసారి నొక్కాను. తెరమీద ఏడు నొక్కులు పడ్డాయి. మా పాపని పిలిచి నొక్కమన్నాను. అయిదు. లోహం లోహానికి తగిలినప్పుడు, నేలమీద పడిన బంతిలా, రెండు మూడు మిల్లీసెకన్లపాటు ఎగిరెగిరి తగులుతుంది. ఎవరి వేలైనా అంతే. కంప్యూటర్ కీబోర్డులో, లిఫ్టు బటన్‌లో, మైక్రోవేవ్‌లో, అన్నిటిలోనూ ఎక్కడో ఒకచోట 'కాసేపు ఆగి చూడు' అనే ఏర్పాటు ఉంటుంది. అది లేకపోతే 'అమ్మ' అని కొడితే ఆరు 'మ'లు పడతాయి. "అందరి చేతికీ దాస్తుంది మామయ్యగారూ" అన్నాను.

"నీకు ఎంతసేపు దాస్తుంది?"

"అయిదు."

"నాకు నూట ఇరవై." ఒక్క క్షణం లెక్క కట్టుకున్నారు. "ఇరవై నాలుగు రెట్లు." నేనేమీ అనలేదు. అబద్ధం చెప్పి ఊరుకోబెట్టే మనిషి కాదు ఆయన. కాసేపటికి, "సరే, పెట్టు" అన్నారు.

మొదటి గది పూర్తిచెయ్యడానికి ఆయనకి తొమ్మిది రోజులు పట్టింది. ప్యాక్‌మ్యాన్‌లో ఒకే దారిలో ఒకే లెక్కన తిరిగితే దెయ్యాలు కూడా ప్రతిసారీ ఒకేలా కదులుతాయి. అది చెప్పగానే ఆయన మొహం వెలిగింది. "అయితే ఇది డ్రిల్లే కదా" అన్నారు. కాగితం మీద దారి గీసుకుని, ఏ ఎస్ డీ ఎఫ్ నేర్పినట్టు తన చేతికి నేర్పబోయారు. కుదరలేదు. ఒక మలుపు దగ్గర రవ్వంత తేడా వచ్చినా ఆ లెక్క తప్పిపోతుంది, మందు ప్రభావం దిగేవేళకి ఆయన చెయ్యి ఎంత ఆలస్యం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. నాలుగు రోజులకి ఆ కాగితం మడిచి నా డబ్బాలో పడేశారు. తర్వాత దెయ్యాల స్వభావాలు చూడటం మొదలెట్టారు. "ఎర్రది సూటిగా వెంటపడుతుంది. గులాబీది మాత్రం ముందే వెళ్లి దారి కాస్తోంది" అని ఆయనే పట్టుకున్నారు. నిజమే, గులాబీ దెయ్యం మనం చూస్తున్న వైపు నాలుగు గళ్లు ముందుకి గురిపెట్టేలా రాశారు ఆ ఆటని. చేత్తో నేర్చుకోవలసింది బుద్ధితో నేర్చుకున్నారు. మందు వేసుకున్న గంటకి ఆడటం, అది దిగేలోపు ఆపెయ్యడం, ఇదీ ఆయన పద్ధతి.

ఒకరోజు ఆయనే అడిగారు, ఇదే ఏర్పాటు కంప్యూటర్ కీబోర్డుకి చెయ్యగలవా అని. చెయ్యక్కర్లేదు. విండోస్‌లో ఫిల్టర్ కీస్ అని ఉంది, విండోస్ 95 రోజుల నుంచీ ఉంది. కుడివైపు షిఫ్ట్ కీ ఎనిమిది సెకన్లు నొక్కిపట్టుకుంటే కావాలా అని అడుగుతుంది. లోపలికి వెళితే, ఇంతసేపు నొక్కితేనే ఒప్పుకో, ఒకే కీ వెంటవెంటనే పడితే వదిలెయ్యి అని వేరువేరుగా చెప్పుకోవచ్చు. మ్యాక్‌లో దీన్నే స్లో కీస్ అంటారు. ఫోన్లలో కూడా తెరమీద వేలు ఎంతసేపు ఉంటే లెక్కలోకి తీసుకోవాలో మార్చుకోవచ్చు. మీ ఇంట్లో చెయ్యి వణికే పెద్దవాళ్లెవరైనా "ఈ ఫోన్లు మాకు రావమ్మా" అంటుంటే, ఒక్కసారి ఆ సెట్టింగులు చూడండి. చాలామందికి రాక కాదు. వాళ్ల వేలికి ఆ మిషను చాలా తొందరపడుతోంది, అంతే. మామయ్యగారు తన పాత శిష్యుడికి అర పేజీ ఉత్తరం కొట్టారు. నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో ఆపి మళ్లీ చదువుకుని, ఒక్క తప్పు కూడా లేదని చూసుకున్నాకే పంపించమన్నారు.

జాయ్‌స్టిక్ పాతది, దాన్నిలా మార్చడం న్యాయమా అని కొందరు మిత్రులు అడుగుతారు. నాకో నియమం ఉంది. పాతవాటికి కొత్త రంధ్రం పొడవను. తీసిన ప్రతి భాగాన్నీ చీటీ రాసి సంచిలో వేసి, ఆ వస్తువుతోనే ఉంచుతాను. రేపెవరైనా మళ్లీ మొదటి రూపానికి తెచ్చుకోవాలంటే తెచ్చుకోవచ్చు. అలాగని అద్దాల బీరువాలో పెట్టి చూసుకోవడం నావల్ల కాదు. ఆడేవాళ్ల చేతికి సరిపడేలా చెయ్యడం కూడా మరమ్మతే. 2018లో మైక్రోసాఫ్ట్ ఒక కంట్రోలర్ తెచ్చింది. దాని వీపున 19 రంధ్రాలు ఉంటాయి, కాలితో నొక్కేదైనా, గడ్డంతో నొక్కేదైనా, ఎవరికి వీలైన స్విచ్చు వాళ్లు గుచ్చుకోవచ్చు. అది వచ్చినప్పుడు ఈ సరదా ఉన్నవాళ్లలో ఎందరో తమ డబ్బాల్లోని పాత బటన్లు తీసి, తెలిసిన పిల్లలకి పెట్టెలు చేసి ఇచ్చారు.

ఇదంతా చదివి, ఆయన మారిపోయారనీ, పదిమందిలో కూర్చుని భోంచేస్తున్నారనీ అనుకోకండి. అక్టోబరులో ఓ ఆదివారం మా ఇంటికి నాలుగు కుటుంబాలు వచ్చాయి. మామయ్యగారు పిల్లల మధ్య కుర్చీ వేసుకుని, శాలువా పక్కన పెట్టి, అందరూ చూస్తుండగా గంటసేపు ఆడారు. ఒక కుర్రాడు "తాతగారూ, మీ స్టిక్ లేట్‌గా తిరుగుతోంది" అంటే, "అది నా కోసం ఆగుతుందిరా" అన్నారు. అయినా వడ్డన మొదలవగానే లేచి, కడుపు బాగోలేదని చెప్పి పైకి వెళ్లిపోయారు. మా ఆయన ఆ మెట్లవైపే కాసేపు చూసి, ఒక కంచంలో అన్నీ సర్ది, చెంచా వేసి, తనే పట్టుకెళ్లాడు. వెంటనే కిందికి రాలేదు. తన కంచం కూడా పైకి తెప్పించుకున్నాడు.

డిసెంబరులో వాళ్లిద్దరూ గుంటూరు వెళ్లిపోయారు. కర్రపెట్టె ఆయన చేతిసంచిలోనే వెళ్లింది. విమానాశ్రయంలో ఆపి ఇదేమిటని అడిగితే అత్తయ్యగారు "ఆయన మందు" అన్నారట.

సంక్రాంతికి ఫోన్ చేసినప్పుడు వణుకు ఎడమచేతికీ కాస్త వచ్చిందని అత్తయ్యగారు మెల్లగా చెప్పారు. మామయ్యగారు ఆ సంగతి ఎత్తలేదు. పక్కింటి పిల్లలు సాయంత్రాలు వస్తున్నారనీ, ఇద్దరికి టైపు వేళ్లు కూడా నేర్పుతున్నాననీ చెప్పారు. తర్వాత గొంతు మార్చి, "అమ్మాయ్, పైకి తోసే స్విచ్చు చప్పుడు మారింది. ఇంకో నెల రావచ్చు. పనిలో పనిగా ఆ స్ప్రింగు కాస్త మెత్తటిది కావాలి, ఈమధ్య గట్టిగా అనిపిస్తోంది" అన్నారు. స్ప్రింగు గట్టిపడదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. "పంపిస్తాను మామయ్యగారూ. మిల్లీసెకన్లు కూడా మళ్లీ కొలుద్దాం, అంకెలు నాకు చదివి వినిపించండి" అన్నాను. ఆ కొలిచే ప్రోగ్రాము ఎలా నడపాలో ఫోన్‌లోనే చెబితే కాగితం మీద రాసుకున్నారు.

రెండు మైక్రోస్విచ్చులు, మూడు రకాల స్ప్రింగులు ఒక కవర్లో పెట్టి సిద్ధంగా ఉంచాను. అంతా కలిపి ఆవకాయ ముద్దంత బరువు కూడా ఉండదు. అక్కడి నుంచి వచ్చేటప్పుడు మీరు ఎవరెవరివో పచ్చళ్లు మోసుకొస్తూనే ఉంటారు కదా. మిషిగన్ నుంచి ఈ నెలాఖరు లోపల గుంటూరు వైపు వెళ్లేవాళ్లెవరైనా ఉంటే దయచేసి ఒక మాట చెప్పండి.